దుల్హన్ నడుము

"నీ కూతురితో చెప్పు, చట్నీ గిన్నె ఇటు జరపమని."

తస్నీం ఆయన మోకాలికి జానెడు దూరంలోనే కూర్చుని ఉంది. గిన్నె దాని చేతిలోనే ఉంది.

"మీ ఆయనతో చెప్పమ్మీ, జరిపానని," అంది అది, గిన్నె ముందుకు తోసి.

పదకొండు రోజులుగా మా ఇంట్లో ఇదే వరస. ముందుగదిలోకి తస్నీం తెచ్చిన, కంప్యూటర్ గీత చూసి కర్ర కోసే సీఎన్‌సీ మిషన్ దిగిన రోజు నుంచి తండ్రికీ కూతురికీ మాటల్లేవు. ఉప్పు కావాలన్నా, కరెంటు పోయిందన్నా, కబురు నా మీదుగా పోవాల్సిందే. ఎదురెదురుగా కూర్చుంటారు, ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినిపిస్తుంది. అయినా నేను తిరిగి చెప్పందే విన్నట్టు కాదు.

"జరిపిందట," అన్నాను పెనం మీద బియ్యప్పిండి అక్కిరొట్టె తిరగేస్తూ. "ఇంకేమైనా ఉంటే చెప్పండి సాబ్, టెలిగ్రాం ఆఫీసు తెరిచే ఉంది."

ఆయనకు నవ్వు రాలేదు. రొట్టె తుంచుకుని, మోచేతిని మోకాలికి గట్టిగా ఆనించి నోట్లో పెట్టుకున్నారు. ఏడాదిన్నరగా అలాగే తింటున్నారు. టీ కూడా సగం కప్పే పొయ్యమంటారు, రెండుసార్లు తాగుతారు. ఎందుకని ఎవరూ అడగరు. అడగాల్సిన మనిషిని నేనే, నాకు తెలుసు కాబట్టి అడగను.

కర్రబొమ్మలకు పేరుపడ్డ మా చన్నపట్టణలో లేత్ పట్టే, అంటే కర్రను తిప్పి బొమ్మ తీసే వాళ్ళలో, మా ఆయన ఇనాయత్ సాబ్ పేరు తెలియని వాళ్ళుండరు. కొలత లేదు, కాగితం మీద గీత లేదు. అంకుడు కర్ర బిగించి ఉలి ఆనిస్తే, చూస్తుండగానే దుల్హన్ బొమ్మ, అదే పెళ్ళికూతురు, నడుము వంచుకుని బయటికొచ్చేది. అంత సన్న నడుము ఇంకెవరి చేతికీ రాలేదు. ఆ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది.

చివరి ముక్క మింగి, గోడ వైపు చూస్తూ అన్నారు. "ఆ మిషన్‌తో చెప్పు."

"మిషన్‌తోనా?"

"నీ కూతురికి చెప్పినా ఒకటే. ఇవాళ నేను జుమ్మా నమాజు చదువుకుని వస్తాను. వచ్చాక నా కళ్ళ ముందు నా దుల్హన్‌ని తియ్యమను. రంగూ లక్కా ఏమీ వద్దు, వట్టి కర్ర. చేతిలో పట్టుకుంటే నాదే అనిపించాలి. అనిపిస్తే ఉండనీ, నాకేం. లేకపోతే పొద్దుగూకే లోపల ఆటో పిలిచి ఎక్కడిదక్కడికి పంపెయ్యాలి."

"నిజంగానా అబ్బా?" తస్నీం పంతం మరిచిపోయి తండ్రినే అడుగుతూ ఎగిరి గంతేసింది.

ఆయన నా వైపు తిరిగారు. "ఎవరితో మాట్లాడుతోంది ఇది?"

పెనం మీద రొట్టె మాడిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను, తియ్యాలని తోచలేదు.

ఎందుకంటే ఆ మిషన్‌కు ఎక్కించడానికి తస్నీం కొలిచిన దుల్హన్ ఆయన తీసింది కాదు. నేను తీసింది.

*

ఏడాదిన్నర కిందటి చలికాలంలో మొదలైంది ఇదంతా. ఆయన పొద్దున్నే పది దుల్హన్‌లు తీసి బుట్టలో వేసేవారు. వెనక వరండాలో ఉన్న చిన్న లేత్ మీద వాటికి లక్క పట్టించడం, మొగలి ఆకుతో మెరుగు పెట్టడం నా పని. ఒకరోజు బుట్ట తిరగేస్తే, పదింటిలో నాలుగు నడుముల దగ్గర ఎలుక కొరికినట్టున్నాయి. మర్నాడు ఆరు.

చెప్పడానికి నోరు రాలేదు. ఆయన నమాజుకు వెళ్ళాక ఉలి తీసుకుని వాటి నడుములు సరిచేశాను. అదివరకు నేనెప్పుడూ కర్ర తియ్యలేదు, రంగు మాత్రమే వేశాను. అయినా చేతికి తెలిసినట్టే ఉంది. మరీ పాడైన వాటిని పొయ్యిలో పెట్టి, వాటి బదులు మొదటి నుంచి కొత్తవి తీశాను. రంగేసి, ఎర్రటి నడికట్టు చుట్టి పెట్టెలో పేర్చాక ఆయన వచ్చి చూశారు. చేతిలోకి తీసుకోలేదు, దూరం నుంచే చూసి, "పర్లేదు, చెయ్యి ఇంకా ఉంది," అన్నారు.

ఆ మాట కోసం ఏడాదిన్నరగా దొంగతనం చేస్తున్నాను. ఇప్పుడు బయటికి పోయే దుల్హన్‌లలో ఆయన తీసింది ఒక్కటీ లేదు.

"అమ్మీ, ఆ గ్లాసు ఇవ్వు," అంది తస్నీం, ఆయన జుమ్మాకు వెళ్ళాక.

ముందుగదిలో, ఆయన పాత లేత్ పక్కనే, పసిపిల్లల మంచమంత ఉంది మిషన్. పైన అటూ ఇటూ జరిగే మోటారు, దాని కొసన గోరంత కట్టర్. ఒక పక్కన కర్రను రెండు కొసలా పట్టి తిప్పే అమరిక. ఆ పక్కన కంప్యూటర్. తస్నీం మిషన్ బల్ల మీద నీళ్ళ గ్లాసు పెట్టి, కళ్ళు నీళ్ళకు సమానంగా వంచి చూసింది.

"ఇప్పుడు వంకర లేదు. నిన్నటిదాకా ఈ కాలు ఊగుతుండేది." వంగి కిందికి చూసి, "ఈ చెక్కముక్క నువ్వు పెట్టావా?"

నేను పెట్టలేదు. అంకుడు చెక్క, అంచులు నున్నగా అరగదీసి ఉంది. ఈ ఇంట్లో అంత శ్రద్ధగా చెక్కముక్క అరగదీసే మనిషి ఒక్కరే. తస్నీం కూడా అది చూసింది. చూసి, ముక్కను కదపకుండా లేచింది.

మా పిల్ల బెంగళూరులో మూడేళ్ళు ఇలాంటి మిషన్ మీదే ఎవరెవరి ఇళ్ళకో అల్మారా తలుపులు కోసింది. ఊరి వాళ్ళ తలుపులు కోసి కోసి, మన బొమ్మ ఒక్కటి కొయ్యాలనిపించిందమ్మీ అంటూ ఉద్యోగం వదిలి వచ్చేసింది. మిషన్ వచ్చిన మొదటి రోజు సున్నా, అంటే కట్టర్ బయలుదేరే చోటు, ఎక్కడ పెట్టాలో లెక్క తప్పి, కట్టర్ సరాసరి కింద పలకలోకి దిగింది. రెండో రోజు వైర్లు తారుమారై కర్ర వెనక్కి తిరిగింది. మూడో రోజు రెండు కట్టర్లు విరిగాయి. అప్పుడు కూడా వాళ్ళ అబ్బా తలుపు చాటు నుంచి చూసి వెళ్ళిపోయారు.

"తస్నీం," అన్నాను మెల్లగా. "ఆ బొమ్మ కాకుండా ఇంకోటి కొలువు. పాతది ఎవరింట్లోనైనా దొరుకుతుందేమో."

"ఎందుకు? పెట్టెలో ఉన్నవన్నీ చూసి ఏరుకున్నానమ్మీ దీన్ని. ఎంత బాగుందో చూడు."

కంప్యూటర్‌లో ఏదో నొక్కింది. నల్లటి తెర మీద పచ్చటి గీత ఒకటి లేచింది. తల, మెడ, భుజం, నడుము. సగం గీత గీస్తే చాలట, మిగతాది మిషనే తిప్పుకుంటుందట. జానెడు కూడా లేని బొమ్మ తెర మీద బిందె అంత ఉంది.

"అబ్బా చెయ్యి చూడు," అంది తస్నీం, ఆ వంపు మీద వేలు జారుస్తూ. "కొలిచేటప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎక్కడా తడుముకోలేదు. ఒక్క దెబ్బలో దిగింది ఉలి."

నాకు భయమైతే ఉంది, దాని కింద ఇంకోటి కూడా ఉంది. సంతోషం. ముప్ఫై ఏళ్ళలో నా వంట బాగుందన్నారు, నా రంగులు బాగున్నాయన్నారు. నా ఉలి బాగుందని ఎవరైనా అనడం ఇదే మొదలు, అదీ ఇంకొకరి పేరు మీద. తెర ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. కిటికీ ఎండలో రంపపు పొడి తేలుతోంది, ఎక్కడికీ పోయే తొందర లేనట్టు. ఆ పచ్చగీత వెంట నా చూపు దిగుతూ, నడుము దగ్గర ఆగి, మళ్ళీ పైకెక్కి దిగుతూ ఉండిపోయింది. నాకు పగటి కలలు ఎక్కువని ఆయన ఊరికే అనరు.

"అమ్మీ! పొయ్యి మీద దాల్చా పొంగుతున్నట్టుంది."

నిజంగానే పొంగుతోంది.

*

జుమ్మా నుంచి ఆయన ఒక్కరే రాలేదు. దారిలో బోరేగౌడను వెంటబెట్టుకొచ్చారు. గౌడ మా వీధి చివర లేత్ పడతాడు, బుగిరీలు, అదే బొంగరాలు, తియ్యడంలో మొనగాడు. ముప్ఫై ఏళ్ళుగా అతను టీ తాగేది మా ఇంట్లోనే.

"ఏమమ్మా, కొత్త కోడలు ఎక్కడ?" అంటూ చెప్పులు విడిచాడు. "ఇంటికొచ్చిన రోజే తన మంచం తనే కోసుకుందట కదా?"

"ఇప్పుడు బుద్ధిగా ఉంటోంది గౌడ్రే," అంది తస్నీం.

"టీ తాగుతుందా మరి? బీడీ అడుగుతుందా? ఏమీ అడగని వాళ్ళను నేను నమ్మనమ్మా."

"మీ ఆయన పంచాయతీకి మనిషిని తెచ్చుకున్నారమ్మీ," అంది తస్నీం నాతో.

"నీ కూతురు మాటలు కాదు, మిషన్ మాట్లాడాలని చెప్పు," అన్నారు ఆయన. తన పాత లేత్ ముందున్న పీట మీద కూర్చున్నారు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నారు.

తస్నీం కర్ర బిగించింది. కట్టర్‌ను కర్ర కొసకు తాకీ తాకనట్టు దించి, మధ్యలో సన్న కాగితం జరిపి చూసి, సున్నా పెట్టింది. బిస్మిల్లా అనుకుని మీట నొక్కింది.

కట్టర్ కీచుమని లేచి, కర్రను తాకగానే గొంతు తగ్గించింది. పాలపొంగు రంగు పొడి రాలడం మొదలైంది. మా లేత్ మీద కర్ర కంటికి ఆనకుండా తిరుగుతుంది. ఇక్కడ కర్ర నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా, మెల్లగా తిరుగుతోంది. కట్టర్ దాని ఒంటి మీదుగా ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తోంది, మళ్ళీ వస్తోంది. ఒక్కో నడకకూ పొర పోతోంది. పచ్చి అంకుడు వాసన గదంతా నిండింది.

గౌడ చేతిలో టీ చల్లారిపోయింది. ముందు మెడ తెలిసింది, తర్వాత భుజాలు. చెయ్యి లేదు, ఉలి లేదు, అయినా నా దుల్హన్ కర్రలోంచి లేచి వస్తోంది. ఇది కల అయితే బాగుండునని ఒక క్షణం, కాకూడదని ఒక క్షణం అనిపించింది. ఎప్పటికీ ఇలా సగంలోనే ఉండిపోతే, ఎవరూ ఏమీ తేల్చనక్కర్లేదు కదా అని కూడా అనిపించింది.

ఆయన పీట మీద నుంచి ఎప్పుడు లేచారో తెలియదు. మిషన్ పక్కకు వచ్చి వంగారు. కుడి చెయ్యి దానంతటది ముందుకు పోయింది.

లేత్ పట్టే ప్రతివాడికీ ఉండే అలవాటది. ఉలి దాటి వెళ్ళిన చోట తిరిగే కర్ర మీద వేలు ఆనించి, నునుపు చూసుకుంటారు. మా దగ్గర కోసే ఉలి తిరగదు, కర్ర తిరుగుతుంది. ఇక్కడ కర్ర ఆగినట్టే ఉంటుంది, తిరిగేది పైన ఉన్న కట్టర్. నలభై ఏళ్ళ అలవాటుకు ఆ సంగతి తెలియదు.

"అబ్బా!"

తస్నీం ఆయన మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. వేలికీ కట్టర్‌కూ మధ్య బియ్యపుగింజ పట్టేంత ఎడం. గౌడ చేతిలో కప్పు కింద పడింది.

"అది తిరగట్లేదనుకుంటున్నావా? పైన ఉన్నది చూడు! వేలు పోయేది!"

"తెలుసు," అన్నారు ఆయన. ఆయనకు తెలియదు.

తస్నీం మణికట్టు వదల్లేదు. దాని ముఖంలో రంగు మారింది. ఆ చెయ్యి దాని పిడికిట్లో వణుకుతూనే ఉంది, భయం వల్ల వచ్చే వణుకు కాదది. పిల్ల మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. నేను చీపురు తెచ్చి పెంకులు ఊడవడం మొదలుపెట్టాను.

అప్పుడే మిషన్ ఆగింది.

*

తస్నీం బొమ్మను విప్పి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. బొటనవేలు తల మీద మొదలై కిందికి నడిచింది. నడుము దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ దిగింది.

"ఇది నాది కాదు," అన్నారు.

"నీది కాకపోతే మా తాతదా?" గౌడ బొమ్మ లాక్కుని చూశాడు. "ఇనాయత్ భాయ్, పంతానికి పోకు. ఈ నడుము చన్నపట్టణలో ఎవడు తియ్యగలడు చెప్పు?"

"నడుము బాగుంది. చాలా బాగుంది. నాది కాదంటున్నాను." ఆయన బొమ్మను తిరిగి తీసుకున్నారు. "నా ఉలి తల వైపు నిటారుగా దిగుతుంది. అక్కడి నుంచి కాళ్ళ వైపు మెల్లగా జారుతుంది. దీనికి కాళ్ళ వైపు నిటారు, తల వైపు జారు. తిరగబడింది."

ఏడాదిన్నరగా తీస్తున్నాను, నా కంటికి రెండూ ఒకటే. ఎర్రటి నడికట్టు కింద ఆ తేడా నాక్కూడా కనపడలేదు.

తస్నీం తెర ముందుకు వంగింది. "నువ్వన్నది నిజమే అబ్బా. ఇదిగో, నిటారు కిందికుంది. నేనే నడుము గీత తలకిందులుగా ఎక్కించుంటాను." దాని గొంతు తేలికపడింది. "దీనికెందుకు ఇంత? నడుము వరకు పట్టుకుని ఒక్క నొక్కు నొక్కితే తిరిగిపోతుంది. ఇంకో కర్ర బిగిస్తా, అరగంటలో నీది నీ చేతిలో పెడతా."

ఇంతకన్నా తేలికైన దారి అల్లా కూడా చూపించడు. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు. గీత తిరుగుతుంది, ఆయన దుల్హన్ ఆయనకు దొరుకుతుంది, మిషన్ ఇంట్లో ఉంటుంది. ఆయన చెయ్యి ఇంకా ఉందన్న నమ్మకం ఆయనకుంటుంది. పోయేది తెర మీద ఉన్న ఆ ఒక్క వంపు. అది ఎవరిదో ఎవరికీ తెలియనే తెలియదు.

తస్నీం వేలు మీట మీదికి వెళ్ళింది.

"తిప్పొద్దు," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"నువ్వు సరిగ్గానే ఎక్కించావు. బొమ్మే అట్లా ఉంది." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అది నేను తీసిన బొమ్మ."

గౌడ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. "ఇంట్లో ముద్ద చల్లారిపోతోంది," అని ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆయన పీట మీద కూర్చున్నారు.

"ఇదొక్కటేనా?"

"కాదు."

"పోయిన రంజాన్‌కు పంపినవి?"

"అవీ."

"మైసూరు కొట్టుకు పోయినవి? మళ్ళీ కావాలని ఫోన్ చేశారే, అవి?"

"నావే."

"మరి నేను తీసినవి?"

వంటింట్లో పొయ్యి వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన చూపు నా చూపు వెంటే వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఉండిపోయింది. నా జన్మలో అంత సిగ్గుపడలేదు. చెప్పేసినందుకు పశ్చాత్తాపం మాత్రం కలగలేదు, అందుకు ఇంకా సిగ్గేసింది.

"ఎవరు నేర్పారు నీకు?"

"మీరే."

"నేనా? ఎప్పుడు?"

"మనకు ఒక్కటే లేత్ ఉండేది కదా మొదట్లో. మీరు తీస్తుంటే లక్క కరిగిస్తూ కూర్చునేదాన్ని. ఇరవై ఏళ్ళు చూశాను."

"ఎక్కడ కూర్చునేదానివి?"

ఇదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. "ఎక్కడేంటి? మీకు ఎదురుగా."

ఆయన బొటనవేలు నడుము మీద ఆగింది.

"ఎదురుగా," అన్నారు. "నా ఎడమ నీకు కుడి. నా చెయ్యి ఎటు పోతే నీకు అటు నుంచి వస్తున్నట్టు కనపడి ఉంటుంది. నీ లేత్ మీద బొమ్మ తల నాలాగే ఎడమ కొసన పెట్టి, చెయ్యి మాత్రం కనపడింది కనపడ్డట్టే పట్టావు." తనలో తాను అనుకున్నట్టు, "వెంట్రుక తేడా లేకుండా పట్టావు," అన్నారు.

"అబ్బా," అంది తస్నీం. దాని వేలు ఇంకా మీట మీదే ఉంది. "ఇప్పుడు ఏ గీత ఉంచను?"

పదకొండు రోజుల తర్వాత ఆ ఇద్దరి మధ్యా నా అవసరం లేకుండా మాటలు నడుస్తున్నాయని అప్పటికి గాని నాకు తట్టలేదు.

ఆయన లేచి మూలనున్న కట్టలోంచి ఒక అంకుడు కర్ర తీసి, తన లేత్‌కు బిగించడానికి కూర్చున్నారు. చెయ్యి వణుకుతూ రెండుసార్లు జారింది. ఈసారి చంకలో దాచుకోలేదు. తస్నీం సాయానికి అడుగు వెయ్యబోతే నేను దాని కొంగు పట్టి ఆపాను. మూడోసారికి బిగిసింది. ఆయన లేత్ ఆన్ చేసి, పీట మీద నుంచి లేచి పక్కకు నిలబడి, ఉలి నా వైపు చాచారు.

"కూర్చో," అన్నారు. "నేను చూడాలి."

ఆ గొంతులో కోపముందో, దుఃఖముందో, ఇంకేముందో, ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన నాకు అంతుబట్టలేదు. ఉలి అందుకుని, ఆయన పీట మీద మొదటిసారి కూర్చున్నాను.